కుడివైపు స్పూను

అనుపమ ముందు కుళాయి తిప్పింది. నీళ్ల ధార స్టీలు సింకులో గట్టిగా చప్పుడు చేయడం మొదలుపెట్టాకే మొదటి కప్పు పెదవుల దగ్గర పెట్టుకుని జుర్రుమని లోపలికి లాగింది.

అయినా హాల్లోంచి శ్యామలమ్మ గొంతు రానే వచ్చింది. "ఏందే ఆ జుర్రుడు? బర్రె కుడితి తాగినట్టు. ఆడిదన్నంక నోట్లె చప్పుడు బయటికి రావద్దు."

పదిహేనేళ్లుగా వింటున్న మాటే. అత్తగారి చెవులకు టీవీ సౌండు సరిపోదు గానీ, కోడలి నోటి చప్పుడు మాత్రం రెండు గోడల అవతలి నుంచి కూడా వినిపిస్తుంది. అనుపమ కుళాయి ఇంకొంచెం తిప్పి రెండో కప్పు తీసుకుంది. చాయ్ రుచి కట్టాలంటే మర్యాదగా గుటకేస్తే కుదరదు. గాలితో సహా ఒక్కసారి లాగాలి. అది నాలుకంతా చిమ్మాలి, ముక్కు వెనక్కి ఎక్కాలి. అప్పుడే ఆకు తన సంగతంతా చెబుతుంది. మోండా మార్కెట్‌లో చాయ్‌పత్తి దుకాణం పెట్టిన మామగారు సోమయ్య ఈ విద్య కొడుక్కి నేర్పాడు. కోడలికి ఎవరూ నేర్పలేదు. కప్పులు తెచ్చిపెడుతూ, ఖాళీ కప్పులు తీసుకెళుతూ, గుమ్మం దగ్గర నిలబడి ఆమే నేర్చుకుంది.

తమాషా ఏమిటంటే, ఇదే జుర్రుడు కొడుకు జుర్రితే శ్యామలమ్మ మురిసిపోతుంది. "మా తిరుమల్ ఒక్క గుక్క తాగిండంటే ఆ పత్తి జాతకం చెప్తడు" అని మల్కాజ్‌గిరిలో తాముండే కాలనీ అంతా చెప్పింది. బేరానికి ఎవరొచ్చినా లోపలి గదిలో మంచం మీద కూర్చుని, జుర్రుమనగానే "ఎట్లుందిరా బిడ్డా?" అని కేకేస్తుంది. కొడుకు తీర్పు చెబుతాడు. వచ్చినవాళ్లు తలలూపుతారు.

ఆ కొడుక్కి నాలుగేళ్లుగా ఏ వాసనా తెలియదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరికీ వాసన పోయింది. అనుపమకు పది రోజుల్లో తిరిగొచ్చింది, తిరుమల్‌కు రాలేదు. వస్తుందన్నాడు డాక్టరు. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, పక్కనే కుర్చీలో తిరుమల్ ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నాడు. అనుపమ పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. అతను నల్లబడిన గిన్నెను చూశాడు, ఆమె మొహం చూశాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇగ దుకాణం ఎట్లనే అనూ? నా నాలుక మీదనే కదనే నడుస్తున్నది" అన్నాడు. "నేనున్న కదా" అంది అనుపమ. ఎవరూ బలవంతపెట్టలేదు, ప్రేమగానే అంది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

స్పూన్ల ఉపాయం కూడా ఆమెదే. వంటింట్లో తను ముందు రుచి చూస్తుంది. తర్వాత ట్రేలో కప్పులు పెట్టి హాల్లోకి తీసుకెళుతుంది. సాసర్‌లో స్పూను కప్పుకు కుడివైపు ఉంటే పత్తి బాగున్నట్టు. ఎడమవైపు ఉంటే పనికిరానట్టు. బోర్లించి ఉంటే ఆకుకు తేమ తగిలినట్టు. తిరుమల్ ట్రే వంక ఒకసారి చూస్తాడు, కప్పు ఎత్తి ఇల్లదిరేలా జుర్రుతాడు, కళ్లు మూసుకుని తీర్పు చెబుతాడు. నాలుగేళ్లలో ఒక్క తీర్పు తప్పలేదు.

ఆ నాలుగేళ్లలో తను స్పూను చూసి చెబుతున్నానన్న సంగతే అతను మరిచిపోయాడు. మొన్న పొద్దున భార్య ఇచ్చిన చాయ్ తాగి "జెర ఎక్కువ మరిగించినవ్, వగరొచ్చింది" అన్నాడు.  అనుపమకు నవ్వాలో, ఆ కప్పు నెత్తిన గుమ్మరించాలో తోచలేదు. చివరికి కప్పు కడిగి బోర్లించింది. ఇంట్లో ఆడవాళ్లు చాలా ప్రశ్నలకు ఇచ్చే జవాబు అదే.

మూడు కప్పులూ చూడటం అయింది. మొదటి దాంట్లో గోనెసంచి వాసన. గోడౌన్‌లో నేల మీద పెడితే తేమ తగిలింది కాబోలు. రెండోది రంగే తప్ప ప్రాణం లేదు. మూడోది అస్సాం ఆకు, నోట్లో నిండుగా ఉండి చివర తేనెలా దిగింది. పదకొండింటికి బేగంపేటలోని ఒక హోటల్ నుంచి మేబెల్ మేడం వస్తోంది. రెండు వందల గదుల హోటల్. ప్రతి గదిలో తమ దుకాణపు 'శ్యామల చాయ్' పొట్లం, పొట్లంతో పాటు ఋతువు కార్డు. తిరుమల్ వారం నుంచి కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.

ఋతువు కార్డు కూడా అనుపమదే. ఈ కాలంలో చాయ్ ఎలా పెట్టుకోవాలి, దాంతో ఏం తినాలి అని ప్రతి పొట్లంలో ఒక చిన్న కార్డు. వానాకాలానికి అల్లం చాయ్, మక్కగారెలు. ఎండాకాలానికి సుగంధి వేరు నానబెట్టిన చల్లటి చాయ్. ఒక్కోటి నాలుగైదు సార్లు వండి, తూకాలు సరిచూసి, ఆమే రాస్తుంది. కార్డు మీద మాత్రం 'శ్యామలమ్మ గారి వంటింటి నుంచి' అని పడుతుంది. శ్యామలమ్మ వంటింట్లోకి వచ్చి పదేళ్లు దాటింది. "మా అమ్మ పేరైతే గిరాకికి నమ్మకం ఉంటది. నీ పేరేస్తే ఎవరికి తెలుస్తది?" అన్నాడు తిరుమల్. అదీ నిజమే అనుకుంది అప్పట్లో.

పై అంతస్తులో పొట్లాలు కట్టే పని ఐదుగురు ఆడవాళ్లది. అందరూ బర్మా నుంచి ప్రాణాలు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు. సికింద్రాబాద్‌లో చర్చి వెనక వాళ్లకు కుట్టుపని నేర్పే ఫెయిత్ టీచర్ మూడేళ్ల కిందట బానోను వెంటబెట్టుకొచ్చి "ఏదన్నా పని చూడమ్మా" అంది. బానో వచ్చింది, బానో వెనక మిగతావాళ్లు. రోజూ బాలాపూర్ అవతల నుంచి రెండు బస్సులు మారి వస్తారు. "ఎందుకొచ్చిన తలనొప్పి" అని మొదట్లో విసుక్కున్న తిరుమల్, 'శరణార్థుల చేతుల మీదుగా' అని పొట్లం మీద అచ్చు వేయించాక గిరాకీ పెరగడం చూసి చల్లబడ్డాడు. ఇప్పుడు ఎక్కడ మాట్లాడినా వాళ్ల సంగతే ముందు చెబుతాడు.

ఈమధ్య చలి మొదలవగానే బానో ఒక కుడుము చేసి పెట్టింది. తడి బియ్యప్పిండి, మధ్యలో బెల్లం, కొబ్బరి, గుడ్డలో చుట్టి ఉడుకుతున్న కెటిల్ మూతి మీద పెట్టింది. వాళ్ల ఊళ్లో చలికాలం పొద్దున్నే పొయ్యి చుట్టూ కూర్చుని తినేదట. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మీద వేడి చాయ్ గుక్క లాగి, అనుపమ ఇంకో ముక్క తుంచుకుంది. "బానో, ఇది కార్డు మీద ఏస్త. నీ పేరు ఏస్త" అంది. బానో కంగారుగా చేతులూపింది. "పేరు వద్దక్కా. పేరు బయటికొస్తే పరేషాన్."

పరేషాన్ అంటే ఏమిటో అనుపమకు తెలుసు. రెండేళ్ల కిందట ఎవడో వాళ్ల గుడిసెల దగ్గర ఫోన్‌లో వీడియో తీసి పెట్టాడు. బానో మొహం కూడా పడింది అందులో. నాలుగు రోజులు తిరక్కముందే జాగా ఓనర్ వచ్చి, నాకెందుకొచ్చిన గొడవ, ఖాళీ చేయండన్నాడు. పదకొండు కుటుంబాలు గిన్నెలు నెత్తిన పెట్టుకుని వానలో జాగా వెతుక్కున్నాయి. అప్పట్నుంచి బానో ఎక్కడ ఫోన్ ఎత్తినా దుపట్టా ముక్కు దాకా లాక్కుంటుంది.

ఆ దుపట్టాను అనుపమే తీయించింది. పది రోజుల కిందట తిరుమల్ "గుర్తింపు కార్డులు చేపియ్యాలె, మొగోడు పోతే వాళ్లు మొహం చూపియ్యరు, నువ్వు తీస్కరా ఫోటోలు" అన్నాడు. "అల్మారాల ఉంటయ్, ఇల్లు దాటి పోవు" అన్నాడు. ఆ మాటనే ఆమె మోసుకెళ్లి పైన చెప్పింది. బానో ఆమె కళ్లలోకి చూసి "నీ మాటేనా అక్కా?" అని అడిగింది. "నా మాటే." బానో దుపట్టా తీసి, కిటికీ వెలుగులో నిలబడి, అలవాటు లేని నవ్వు ఒకటి నవ్వింది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ప్రెస్సు నుంచి వచ్చిన పార్సెల్ తిరుమల్ చేత్తో పట్టుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. పైనుంచి ఒక కార్డు లాక్కుని ఫైల్లో దోపుకుని, "చలికాలం కార్డులు. మేడం ఇయ్యాలనే మొదటి కట్ట తీస్కపోతదట" అంటూ జుట్టు దువ్వుకోవడానికి వెళ్లాడు. అనుపమ తన కార్డు ఎలా పడిందో చూద్దామని సంబరంగా పురికొస తెంపింది.

కార్డంతా బానో మొహమే. అలవాటు లేని ఆ నవ్వే. కింద 'దేశం విడిచి వచ్చిన చేతులు, మీ కప్పులో వెచ్చదనం' అని. వెనక్కి తిప్పితే 'శ్యామలమ్మ గారి చలికాలపు కుడుము'.

 భర్త చేతిలో దువ్వెన ఉండగానే వెళ్లి అతని ముందు నిలబడింది. "ఇదేందండి? ఇల్లు దాటి పోవన్నరు కదా."

"మంచిగ పడలే? మేడంకు ఫోన్ల పంపిన, మస్తు నచ్చింది. మొహం లేకపోతే ఎవరు నమ్ముతరు అనూ, శరణార్థులంటే?"

"ఆమె ఇల్లు పోతదండి. ఒకసారి పోయింది. నేను మాటిచ్చిన."

"ఎవరు చూస్తరే? హోటల్ల దిగెటోళ్లు బాలాపూర్ పోతరా?" అద్దంలోనే నవ్వాడు తిరుమల్. "వాళ్లకు అన్నం పెడుతున్నదే మనం. ఒక్క ఫోటోకు ఇంత లొల్లా? ముందు టేస్టింగ్ కానీ, తర్వాత మాట్లాడుదాం. స్పూన్లు జెర పైలం. ఇయ్యాల తప్పొద్దు."

తర్వాత. ఆ ఇంట్లో ఆమె అడిగినవన్నీ తర్వాత అన్న మాట వెనకే పడి ఉన్నాయి. బీఎడ్ తర్వాత. తమ్ముడి దగ్గరికి వైజాగ్ తర్వాత. పొట్లం మీద పేరు తర్వాత. ఆ తర్వాతలన్నీ తనవి, పోతే తన సరదాలే పోయాయి. ఇది తనది కాదు. ఇది బానో నెత్తి మీది ఇంటి కప్పు. ఆ కప్పును తన చేత్తో, తన ఫోన్‌తో ఊడపీకింది. మొగుడు అబద్ధమాడాడు, నిజమే. ఆ అబద్ధాన్ని నమ్మదగ్గ మాటగా మార్చింది మాత్రం తనే. తిరుమల్ అడిగి ఉంటే బానో దుపట్టా తీసేది కాదు. సరుకు అతనిది, నోరు తనది. చాయ్ విషయంలోనూ అంతే, ఫోటో విషయంలోనూ అంతే.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి మంచినీళ్ల కోసం కిందికి దిగిన బానో గట్టు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కార్డు ఉంది. తెలుగు చదవలేదు గానీ, తన మొహం చదువుకోవడానికి అక్షరాలతో పనిలేదు.

"నువ్వు తీసినదే కదా అక్కా ఇది?"

అనుపమ కార్డు వంక చూసింది. తలూపింది.

"ఎన్నున్నయ్?"

"కార్డులు ఇంక బయటికి పోలె బానో."

"ఇయ్యాల పోతయా?"

హాల్లో తిరుమల్ కుర్చీలు జరుపుతున్న చప్పుడు. బానో తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. దుపట్టా ముక్కు దాకా లాక్కుంది, అనుపమ ముందు ఎన్నడూ లేనిది. "నేను ఇంటికి పోయి సామాన్ కట్టుకోవాల్నా, ఉండాల్నా? అది ఒక్కటి చెప్పక్కా. చెప్తే షురూ చేస్త. పోయినసారి వానల చానా తక్లీఫ్ అయింది, పిల్లలకు జ్వరమొచ్చింది. అందుకని ముందే అడుగుతున్న."

అనుపమ సిగ్గుతో కాలిపోయింది. సామాను కట్టడానికి టైమెంతుందో అడుగుతోంది ఈ మనిషి, బస్సు టైమ్ అడిగినట్టు. కార్డుల కట్ట మొత్తం ఎత్తి బానో చేతుల్లో పెట్టింది. "ఇవి పైకి తీస్కపో. నీ దగ్గర్నే పెట్టుకో. ఎవరడిగినా ఇయ్యకు. సామాన్ కట్టకు." తలుపు దాకా వెళ్లిన బానో వెనక్కి తిరిగి చూసింది. ఈసారి "నీ మాటేనా" అని అడగలేదు.

హాల్లో బెల్లు మోగింది. మేబెల్ మేడం వచ్చింది. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, అల్వాల్ నుంచి ట్రాఫిక్‌లో ఎలా వచ్చిందో చెబుతూనే కూర్చుంది. "తిరుమల్ గారూ, మీ టంగ్ గురించి సికింద్రాబాద్ అంతా చెప్తారు. ఈరోజు లైవ్‌గా చూస్తా" అంటోంది.

అనుపమ మూడు కప్పుల్లో చాయ్ పోసింది. చేతులు వాటంతటవే పని చేశాయి. మొదటి స్పూను బోర్లా, రెండోది ఎడమకి, మూడోది కుడికి. ట్రే ఎత్తింది. మళ్లీ దించింది. పాలు మాడిన రోజు భర్త ఏడ్చిన మొహం కళ్ల ముందుకొచ్చింది. ఈ ట్రే అతని పరువు. ఇంకో మొహం కూడా కళ్ల ముందుంది, కిటికీ వెలుగులో నవ్విన మొహం. స్పూన్లు మూడూ తీసి సింకులో వేసింది. రుచి చూడటం అయ్యాక తగ్గించినా సన్నగా కారుతూనే ఉన్న కుళాయి కట్టేసింది. ఒక్కసారిగా ఇల్లు నిశ్శబ్దమైంది.

ట్రే బల్ల మీద పెట్టగానే తిరుమల్ కళ్లు సాసర్ల మీద ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు తిరిగాయి.

"స్పూన్లు మర్చిపోయినవ్" అన్నాడు నవ్వుతూ.

"మర్చిపోలె" అంది అనుపమ.

నవ్వు మొహం మీద అలాగే మిగిలింది గానీ అందులో మనిషి లేడు. మేబెల్ మేడం ఎదురుచూస్తోంది. అతను మొదటి కప్పు ఎత్తి జుర్రుమన్నాడు. చాలా గొప్పగా జుర్రాడు. కళ్లు మూసుకున్నాడు. "మంచి బాడీ ఉంది మేడం. చలికాలానికి ఇదే."

మేడం కూడా ఒక గుక్క తాగి ముక్కు చిట్లించింది. "ఇదా? నాకేదో గోనెసంచి స్మెల్ వస్తోందే. నాకేనా?"

 తిరుమల్ భార్య వైపు చూశాడు. మాడిన పాలగిన్నె ముందు చూసిన చూపే.  ఆ చూపు చూసినప్పుడల్లా అనుపమ ఏదో ఒకటి ఇచ్చేస్తూ వచ్చింది. ఈసారి ఇవ్వకుండా అడిగింది.

"కార్డుల సంగతి చెప్పుండ్రి."

"అది తర్వాత..."

"ఇప్పుడే చెప్పుండ్రి."

మేబెల్ మేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏ కార్డ్? ఆ లేడీ ఫోటో ఉన్నదా? సో టచింగ్. మా వాళ్లకు ఆ ఫేసే నచ్చింది."

"ఆమెకు ఇష్టం లేదు మేడం. ఇంట్లనే ఉంటదని చెప్పి తీసిన. నేనే తీసిన. అది బయటికి పోతే ఆమెను జాగా ఖాళీ చేపిస్తరు."

మేడం కప్పు పక్కన పెట్టింది. "అది నేను అర్థం చేసుకుంటా. కానీ ఫోటో లేకపోతే ఆర్డర్ గ్యారంటీ అని నేను చెప్పలేను. పై వాళ్లను అడగాలి."

"అడుగుండ్రి మేడం. వద్దంటే వద్దు. మీ ఫోన్లల్ల ఉన్న ఫోటో సుత తీసేయుండ్రి" అంది అనుపమ. మేడం తలూపి ఫోన్ అందుకుంది. 

తిరుమల్ చొక్కా కాలరు తడిసిపోయింది. ఫైల్లోని కార్డు తీసి, మొహం కనబడకుండా బోర్లించి, బల్ల మీదుగా భార్య వైపు జరిపాడు. "ఆపుతం. ఒక్కటి సుత పోదు. ప్రెస్సోనికి నేనే చెప్త" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకా మెల్లగా, దాదాపు బతిమాలుతూ, "స్పూన్లు తీస్కరా అనూ" అన్నాడు.

అనుపమ కార్డు తీసుకుని బొడ్డులో దోపుకుంది. బానో ఇల్లు నిలబడింది. ఇక వంటింట్లోకి వెళ్లి మూడు స్పూన్లు కడిగి తేవడమే. ఎప్పటిలాగే అంతా సర్దుకుంటుంది. వంటింటి గుమ్మం ఆరడుగుల దూరంలో ఉంది. నాలుగేళ్లు ఆ గుమ్మం అవతల నిలబడి తన నోటి మాట మరొకరి నోట వింది.

ఖాళీగా ఉన్న మూడో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ హాల్లో బేరగాళ్ల ముందు కూర్చోవడం అదే మొదలు. మొదటి కప్పు ఎత్తింది. కుళాయి లేదు, నీళ్ల చప్పుడు లేదు. ఇల్లంతా వినబడేలా జుర్రుమంది.

లోపలి గదిలోంచి శ్యామలమ్మ మురిపెంగా కేకేసింది. "ఎట్లుందిరా బిడ్డా?"

తిరుమల్ తలెత్తలేదు.

"దీనికి తేమ తగిలింది అత్తమ్మా" అంది అనుపమ, రెండో కప్పు అందుకుంటూ. "జెర ఆగుండ్రి, ఇంక రెండున్నయి. తాగి చెప్త."